అత్త ఊపిరి పద్దెనిమిది

ఆగస్టు 1

రేపటికల్లా నాకొక ఆరోగ్యవంతుడు కావాలి. ఆడైనా మగైనా పర్వాలేదు.

ఇది పూర్తి నిమిషం మేడం ఆజ్ఞ. నాడి పట్టినా, ఊపిరి లెక్కపెట్టినా "పూర్తి నిమిషం అమ్మాయిలూ, పూర్తి నిమిషం" అంటుంది కాబట్టి ఆవిడకి ఆ పేరు స్థిరపడిపోయింది. నర్సింగులో చేరి నెలైంది, ఇంక రోగుల్ని చూపిస్తారు కదా అని మేం నలభైమందిమీ ఉబలాటపడుతుంటే, ఆవిడ తలా ఒక రికార్డు పుస్తకం పంచి, నెల రోజులపాటు బాగున్న మనిషిని చూడమంది. రోజూ జ్వరం కొలవాలి, నాడీ శ్వాసా లెక్కపెట్టాలి, రాయాలి. "బాగున్న మనిషి ఎలా ఉంటాడో తెలియకపోతే, బాగాలేని మనిషిని ఎలా పట్టుకుంటారు?" అంది. అడిగిన తీరు చూస్తే దొంగల్ని పట్టుకునే కోర్సులో చేరామేమో అనిపించింది.

నా పక్కన కూర్చునే పొడుగుపిల్ల వాళ్ల తాతయ్య పేరు రాసుకుంది. ఆయనకి బీపీ ఉంది, షుగరు ఉంది, ఒక చెవి వినపడదు. "ఆయన ఆరోగ్యవంతుడేంటే?" అంటే, "చెప్పిన చోట కదలకుండా కూర్చుంటాడు, నాకంతే చాలు" అంది.

నాకు వెతుక్కునే పనే లేదు. మా అత్త ఉంది. నాన్నకి అక్క, నలభై ఆరేళ్లు, దర్జీ. నాన్న ఉద్యోగం ఏడాదికో ఊరు తిప్పుతుంటే, పిల్ల చదువు చెట్టెక్కుతుందని పదేళ్ల క్రితం నన్ను తన దగ్గరికి తెచ్చేసుకుంది. తనకి జలుబు చెయ్యడం కూడా నేను చూడలేదు. కింద కొట్టు, పైన ఇల్లు, మధ్యలో పదిహేడు మెట్లు. రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగుతుంది, అదీ పాడుకుంటూ. ఆ పాటలకి మాటలుండవు. ఎవరి బట్ట కుడుతుంటే వాళ్ల కొలతలే మాటలు. మా క్లాసు యూనిఫారాలన్నీ తనే కుట్టింది కాబట్టి మా నలభైమంది నడుములూ ఈ వీధంతటికీ రాగంతో సహా తెలుసు.

"నెల రోజులు నువ్వు ఆరోగ్యంగా ఉండాలి అత్తా. నెలాఖరు దాకా తుమ్మడానికి కూడా వీల్లేదు" అన్నాను.

"సరేనే. ఆ మర్నాడే తుమ్ముతాలే" అని చేతిలో చెయ్యేసింది.

ఆగస్టు 2

మొదటి రోజు. జ్వరం లేదు. నాడి 84. శ్వాస 18.

శ్వాస లెక్కపెట్టడంలో ఒక కిటుకుంది. లెక్కపెడుతున్నామని ఎదుటి మనిషికి తెలియకూడదు. తెలిస్తే బిగపట్టేస్తారు, లేకపోతే గుండెల నిండా పీల్చి గొప్పలు పోతారు. అందుకని నాడి చూడటం అయిపోయినా మణికట్టు వదలకుండా, కళ్లు మాత్రం ఛాతీ మీద పెట్టాలి. అర నిమిషం చూశాను. తొమ్మిది వచ్చింది, రెండింతలు చేశాను. మేడం ఎలాగూ పక్కన లేదు.

ఆగస్టు 5

ఇవాళ క్లాసులో ఆరోగ్యం అంటే ఏమిటో చెప్పారు. రోగం లేకపోవడమే ఆరోగ్యం కాదట. ఒళ్లూ, మనసూ, నలుగురితో మసలడమూ అన్నీ సంపూర్ణంగా బాగుండటమట.

అత్తకి అప్పచెప్పాను. కాజా కుడుతూ విని, "అయితే ఈ వీధిలో ఆరోగ్యవంతులు ఒక్కరూ లేరు" అంది.

"నువ్వున్నావుగా!"

"అవునవును, నేనున్నా. రాసుకో."

శ్వాస 18. ఇవాళ చూడలేదు. నిన్నా మొన్నా పద్దెనిమిదే కదా, ఒక్క రోజులో ఏం మారిపోతుంది?

ఆగస్టు 6

84. 18.

ఆగస్టు 9

అత్త గుడ్డ మీద గీతలు గీసే సుద్ద బిళ్లలు డజను తెచ్చి వారమైంది. ఇవాళ చూస్తే రెండే ఉన్నాయి. "ఎలుకలు తింటున్నాయా ఏంటి?" అన్నాను. "తింటే తిననీ, బట్టలు కొరక్కపోతే చాలు" అంది. పెదవి మూల తెల్లగా ఏదో అంటుకుని ఉంది. తుడుచుకుంది.

శ్వాస 18.

ఆగస్టు 11

మా ఇంట్లో వింత జరిగింది. అత్త మిషనుకి మోటారు పెట్టించింది! "కాలితో తొక్కందే కుట్టు నిలవదు" అని ఇరవై ఏళ్లు మోటారు కంపెనీ వాళ్లని గుమ్మంలోంచే పంపేసిన మనిషి. "ఏంటత్తా, చివరికి ఓడిపోయావా?" అంటే, "కాలం మారింది కదే" అంది. ఇన్నాళ్లకి దారికొచ్చింది. నాకు సంతోషమే, ఆ టకటకలు లేకుండా చదువుకోవచ్చు.

84, 18.

ఆగస్టు 14

మెట్ల మధ్యలో ఆగి నిలబడింది. తొమ్మిదో మెట్టు మీద. ఏంటని అడిగితే, అక్కడ్నుంచి ఎదురింటి వాళ్ల డాబా మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయట, ఏ దర్జీ కుట్టాడో చూస్తోందట. వృత్తి మీద అంత శ్రద్ధ ఉండాలి మరి. సాయంత్రం కూడా అక్కడే ఆగింది. అప్పటికి ఆ బట్టలు తీసేశారు.

18.

ఆగస్టు 17

చాలా రోజుల తర్వాత ఇవాళ నిజంగా నాడి చూశాను. పొడుగుపిల్ల మొహమాటం లేకుండా "నువ్వు దొంగ రాతలు రాస్తున్నావు కదూ?" అంది, నాకు పౌరుషం వచ్చింది. 108 వచ్చింది.

కానీ అత్త అప్పుడే మెట్లెక్కి వచ్చింది. మెట్లెక్కితే ఎవరికైనా పెరుగుతుంది. పావుగంట కూర్చున్నాక చూడాలి. పావుగంటయ్యాక తను కిందికెళ్లిపోయింది, నాకు రేపు పరీక్ష. కూర్చుని ఉంటే 84 వచ్చేదే, అందుకని 84 రాశాను. ఇది అబద్ధం కాదు, సవరణ.

శ్వాస 18.

ఆగస్టు 18

84. 18. పరీక్షలో చివరి ప్రశ్న వదిలేశాను.

ఆగస్టు 20

మేడం బోర్డు మీద ఒక గీత గీసింది. ఈ చివర నిండు ఆరోగ్యం, ఆ చివర మరణం. మనమంతా ఆ గీత మీద ఎక్కడో ఒకచోట ఉంటామట, రోజూ ఇటో అటో జరుగుతూనే ఉంటామట. ఒకచోట పాతిన రాయిలా ఎవరూ ఉండరట.

అత్తకి చెబితే, "ఇంచీ టేపులా అన్నమాట" అంది. "నేనెక్కడున్నానే?"

"నువ్వా? ఈ చివరే. ఒకటో అంగుళం మీద."

నవ్వి ఊరుకుంది. కాళ్లు చాపుకుని కూర్చుంది, చెప్పుల పట్టీలు విప్పేసి ఉన్నాయి. చీలమండల చుట్టూ పట్టీ గుర్తులు లోతుగా పడ్డాయి. "చెప్పులు బిగుతైపోయాయే, ఈ వానల్లో తోలు ముడుచుకుపోతుంది" అంది. రెండు రోజుల్నుంచి వానలు లేవు. అంతకు ముందు పడ్డవేమో.

ఇంకొకటి. ఈమధ్య నలుపూ ముదురు నీలమూ తప్ప వేసుకోవడం లేదు. మరకలు కనపడవట. మిషను నూనె అలాంటిది మరి.

18.

ఆగస్టు 22

అత్తకి బద్ధకం పట్టుకుంది. మధ్యాహ్నం కొట్టు మూసి రెండు గంటలు పడుకుంది. మోటారు పెట్టుకున్నాక మనిషి ఇలాగే తయారవుతుంది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. చదువుకోవడానికి బాగుంది. ఏంటో మరి, చదువు మాత్రం సాగలేదు.

84, 18.

ఆగస్టు 23

రోగం వేరు, బాధ వేరట. డాక్టరు పరీక్షల్లో కనిపించేది రోగం. మనిషి లోపల పడేది బాధ. ఒకటి ఉండి రెండోది లేకపోవచ్చు. ఈ రెండూ కాక మూడోది ఉంది: "నువ్వు జబ్బుమనిషివి, పడుకో" అని నలుగురూ ఒప్పుకోవడం. ఒప్పుకునే దాకా మనిషి పని చేస్తూనే ఉంటాడట.

ఇది అత్తకి చాలా నచ్చింది. "ఆ మూడోది ఎవరిస్తారే?" అని రెండుసార్లు అడిగింది.

"ఇంట్లోవాళ్లు, పనిచేసే చోటువాళ్లు..."

"ఓహో" అంది. ఇంకేదో అనబోయి, "నీ పుస్తకం ఇంకెన్ని రోజులు?" అంది.

"వారం."

"వారమేగా" అంది.

18.

ఆగస్టు 25

ఇవాళ నా పరువు పోయింది. మేడం అందరి రికార్డులూ తెప్పించి చూసింది. పొడుగుపిల్ల తాతయ్యవి ఒకరోజు 20, ఒకరోజు 23, ఒకరోజు "మధ్యలో నిద్రపోయి గురక పెట్టారు" అని ఉన్నాయి. మేడం మెచ్చుకుంది. తర్వాత నాది తెరిచి, పేజీలు తిప్పి, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఇరవై మూడు రోజులు. ఇరవై మూడు పద్దెనిమిదులు. అమ్మాయ్, మీ అత్త మనిషా, గడియారమా?"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, ఏం చెయ్యను? మేడం మాత్రం నవ్వలేదు. "లెక్కపెట్టని ఊపిరికి అంకె వేస్తే, ఆ మనిషిని చూడలేదని రాసుకున్నట్టే" అని పుస్తకం నా చేతిలో పెట్టింది.

ఉక్రోషంతో ఇంటికొచ్చాను. ఇవాళ పూర్తి నిమిషం లెక్కపెట్టి, నిజంగా పద్దెనిమిది వచ్చిందని రేపు మొహమ్మీదే చెప్పాలనుకున్నాను.

అత్త కొట్టులో కుర్చీలో కూర్చుని ఉంది. కుట్టడం లేదు, ఊరికే కూర్చుంది. అరగంటగా అలాగే ఉన్నానంది. మణికట్టు పట్టుకున్నాను. నాడి వేళ్ల కింద తరుముకుంటూ పోతోంది. అయినా కిటుకు ప్రకారం వదలకుండా, ఛాతీ వైపు చూశాను. గోడ గడియారంలో ముల్లు సగం తిరిగేసరికే పదిహేను. నిమిషానికి ముప్పై ఒకటి. తప్పు పెట్టానేమో అని మళ్లీ చూశాను. ముప్పై.

"అయిందా?" అంది అత్త. ఒక్క మాటకి మధ్యలో ఊపిరి తీసుకుంది.

కింది కనురెప్ప లాగి చూశాను. క్లాసులో నలభైమందికి లాగాను, ఇంట్లో ఈ ఒక్క మనిషికి ఎప్పుడూ లాగలేదు. లోపల ఎర్రగా ఉండాలి. మా యూనిఫారం గుడ్డంత తెల్లగా ఉంది.

"అత్తా, ఎన్నాళ్లనుంచి?"

"ఏది?"

"నాతో ఆటలాడకు."

ఇంచీ టేపు వేలికి చుడుతూ, విప్పుతూ చెప్పింది. నెలసరి మూడు నెలలుగా సరిగ్గా ఆగడం లేదట. నల్లబట్టలు అందుకట. సుద్ద తినాలనిపిస్తోందట, ఆపుకోలేకపోతోందట. మెట్లెక్కితే గుండె గొంతులోకి వస్తోందట.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీ పుస్తకం పాడవుతుంది కదే. ఆరోగ్యవంతురాలని రాసుకున్నావు. చేతిలో చెయ్యేశాను. ఇంకో ఐదు రోజులేగా, అయిపోయాక డాక్టరు దగ్గరికి వెళదామనుకున్నా."

నేను ఏడ్చాను. అత్త నా వీపు నిమిరింది, ఆ కాస్తకే ఆయాసపడింది. అది చూసి ఇంకా ఏడ్చాను. తర్వాత ఆటో పిలిచాను.

ఆగస్టు 26

హిమోగ్లోబిన్ నాలుగున్నర. పన్నెండు ఉండాలి. ఆ అంకె చూసి ల్యాబు ఆయన మళ్లీ రక్తం తీయించి, మళ్లీ పరీక్ష చేశాడు. గర్భసంచిలో గడ్డ ఉందట. చెడ్డది కాదు, కానీ నెలల తరబడి రక్తమంతా అలా పోగొట్టింది. ఒంట్లో రక్తం లేక గుండె పరుగులు పెట్టింది. కాళ్ల వాపూ అందుకే.

డాక్టరు చిన్న వయసు ఆవిడ, గబగబా మాట్లాడుతుంది. రక్తం ఎక్కించాలంది. కానీ నెలలుగా కొద్దికొద్దిగా తగ్గిన మనిషికి గబగబా ఎక్కిస్తే గుండె తట్టుకోలేదట. ఈ మధ్య ఒక్కసారిగా పోయి ఉంటే వేరే పద్ధతట. "ఎప్పటినుంచి ఆయాసం? ఏ వారంలో పెరిగింది?" అని అడిగింది.

అత్త, "ఏమో అమ్మా, బాగానే ఉన్నా" అంది.

"మీరు నర్సింగు విద్యార్థి కదా? రోజూ చూసి రాశారట కదా?" అని నా సంచిలోంచి కనిపిస్తున్న రికార్డు పుస్తకం తీసుకుంది. పేజీలు తిప్పింది. "దీని ప్రకారం నిన్నటి దాకా ఈవిడకి ఏమీ లేదే. అయితే ఒక్కసారిగా..."

"అది అబద్ధం డాక్టరుగారూ" అన్నాను. అంత గట్టిగా అన్నానని వార్డులో అందరూ తిరిగి చూసేసరికి తెలిసింది. "నేను లెక్కపెట్టలేదు. ఊరికే వేశాను. దాన్ని చూడకండి."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టడానికి తీరిక లేదు. "మరి నిజం ఎక్కడుంది?" అంది.

అదే సంచిలో ఈ డైరీ ఉంది. ఎవరికీ చూపించకూడదనుకున్న డైరీ. చేతికివ్వలేదు, నేనే చదివాను. తొమ్మిదో తేదీ, సుద్ద. పదకొండు, మోటారు. పద్నాలుగు, తొమ్మిదో మెట్టు. పదిహేడు, నాడి 108. ఇరవై, చెప్పులు. డాక్టరు తలూపుతూ రాసుకుంది. అన్నీ నేను చూశాను. అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. ప్రతిదాని పక్కనా ఒక జోకు ఉంది.

ఇరవై రెండో తేదీ దగ్గర ఆగాను. "చదవండి" అంది డాక్టరు.

"అత్తకి బద్ధకం పట్టుకుంది" అని చదివాను.

మంచం మీంచి అత్త, "చూశారా, నా వెనక ఏం రాస్తోందో!" అంది. ఆయాసపడుతూనే నవ్వింది.

"పాట ఎప్పుడు ఆగిపోయింది?" అని నన్ను నేనే అడిగాను. అది మాత్రం డైరీలో ఎక్కడా లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉందని రాశాను, ఎందుకుందో రాయలేదు.

ఆగస్టు 28

మొదటి సీసా నాలుగు గంటలు పట్టింది, చుక్క చుక్క. మధ్యమధ్య నాడి, శ్వాస చూడాలి. డ్యూటీ నర్సు చూస్తుంటే నేనూ పక్కన నిలబడి లెక్కపెట్టాను. 28. 27. 27. 26. ఇద్దరికీ ఒకే అంకె వచ్చిన ప్రతిసారీ పరీక్ష పాసైనట్టుంది. ఇవాళ రెండోది. 24.

అత్త గోళ్లు కాస్త గులాబీ రంగుకి వచ్చాయి. గంటకోసారి చూస్తున్నాను. "గోళ్లరంగు వేయించుకున్నా, వదిలెయ్" అంటోంది.

ఆగస్టు 31

రికార్డు పుస్తకాలు ఇచ్చే రోజు. మేడం బల్ల దగ్గరికెళ్లి, జరిగిందంతా చెప్పాను. సవరణల సంగతి కూడా. కోర్సులోంచి తీసేస్తుందేమో అనుకున్నాను.

మేడం నా పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత, "నేను మొదటి ఏడాదిలో ఉన్నప్పుడు అందరికీ ఇరవై వేసేదాన్ని" అంది. ఎవరి విషయంలో, ఏమైంది అని అడగబోయి ఆవిడ మొహం చూసి మానేశాను. ఆవిడని ఆ పేరుతో ఇంక పిలవబుద్ధి కాలేదు.

కొత్త పుస్తకం ఇచ్చింది. మళ్లీ ముప్పై రోజులు.

"ఎవరిని చూడమంటారు?" అన్నాను.

"ఆవిడనే" అంది.

సెప్టెంబరు 1

అత్త తుమ్మింది. ఒప్పందం నిన్నటితో అయిపోయిందట.

సెప్టెంబరు 6

ఇల్లు చేరాం. మెట్ల మీద మూడుసార్లు ఆగింది, నేనూ ఆగాను. ఎదురింటి డాబా మీద నిజంగానే బట్టలు ఆరేసి ఉన్నాయి. చొక్కా చంక దగ్గర కుట్టు వంకరట. నాకేం కనపడలేదు.

శ్వాస 22. మెట్లెక్కిన పావుగంట తర్వాత, పూర్తి నిమిషం.

సెప్టెంబరు 11

21. ఐరన్ మాత్రలు వేసుకోనని పేచీ. వేసుకుంది. సుద్ద బిళ్లలు లెక్కపెట్టాను, తగ్గలేదు. గడ్డకి ఆపరేషను రక్తం పెరిగాక, వచ్చే నెల. ఆ మాట చెప్పినప్పుడు అత్త భయపడింది. పైకి అనలేదు, నేను చూశాను.

సెప్టెంబరు 15

"నువ్వు జబ్బుమనిషివి, పడుకో" అని చెప్పాను. ఇన్నాళ్లకి. అత్త ఒక్క నిమిషం నా వైపు చూసి, కళ్లు తుడుచుకుని, పడుకుంది. సాయంత్రం దాకా లేవలేదు.

20.

సెప్టెంబరు 24

మోటారు తీసేయించింది. రోజుకి గంటసేపే తొక్కవచ్చని డాక్టరుతో బేరమాడి ఒప్పించింది.

కాలేజీ నుంచి వచ్చి నేరుగా కొట్టులోకి వెళ్లాను. స్టూలు లాక్కుని కూర్చుని మణికట్టు పట్టుకున్నాను. "నాడి 82" అని పైకే అన్నాను. వదలకుండా అలాగే పట్టుకుని, కళ్లు ఛాతీ మీద పెట్టాను.

"నాడి అయిపోయిందిగా. ఇప్పుడు ఊపిరి చూస్తున్నావు. నాకు తెలీదనుకున్నావా? మొదటిరోజే తెలుసు."

"మాట్లాడకు అత్తా, లెక్క తప్పుతోంది."

"సరే, మాట్లాడను" అంది. మాట్లాడలేదు. ఒక పది లెక్కపెట్టాను. పదకొండోది రావాల్సిన చోట సన్నగా ఏదో వినిపించింది. మిషను మీద ఉన్న పొడుగుపిల్ల కొత్త యూనిఫారం వైపు చూస్తూ, నా చేతిలో చెయ్యి అలాగే ఉంచి, "నడుమేమో ఇరవై ఎనిమిదీ, చెయ్యేమో ఇరవై రెండూ..." అని మొదలుపెట్టింది. గొంతు సన్నగా ఉంది, రాగం మాత్రం పాతదే. "నాడేమో ఎనభై రెండూ..." అని నా లెక్కనీ కలిపింది.

మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టబోయాను. మళ్లీ పాడింది. మూడోసారి నేనే గడియారం వైపు చూడటం మానేశాను.

రికార్డులో ఖాళీ వదలకూడదు, అంకె లేకపోతే కారణం రాయాలి. రాశాను:

శ్వాస: లెక్కపెట్టడం కుదరలేదు. పాడుతోంది.